వినోదానికి వాకిలి ఒకటే

థీమ్ పార్కు అనే మాటకు తెలుగేమిటని ఈమధ్య ఒక మిత్రుడు అడిగారు. ముప్పైయేళ్ళకు పైగా జిల్లాపరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి గనుక ఇలాంటి ప్రశ్నలు దారి వెదుక్కుంటూ నా దగ్గరికే వస్తాయి. "ఇతివృత్తోద్యానం" అన్నాను. ఆయన ఫోనులోనే పక్కున నవ్వారు. "కథావనం" అన్నాను. బాగానే ఉంది గాని పిల్లల పత్రిక పేరులా ఉందన్నారు. "వినోదోద్యానం" అందామంటే అర్థం చాలదు. యంత్రాలను వరుసగా నిలబెట్టి ఎక్కించి దింపితే అది వినోదోద్యానం. ఆ యంత్రాల చుట్టూ ఒక కథనల్లి, కోటనో అడవినో సముద్రపు దొంగల ఓడనో కట్టి, వచ్చినవాణ్ణి కూడ ఆ కథలో ఒక పాత్రను చేస్తే అది థీమ్ పార్కు. చివరకు ఇద్దరమూ 'పార్కు' దగ్గర రాజీపడ్డాం. ఆ మాట ఎప్పుడో మనదైపోయింది. బహువచనానికి 'లు' చేరుతుంది, విభక్తికి 'కు' చేరుతుంది, సంధి అడిగితే చేసిపెడుతుంది. ఇంతకన్న తెలుగుతనం ఏ మాటకు కావాలి?

మాట సంగతి అలా ఉంచి, ఆ వస్తువుతో మా కుటుంబానికి కలిగిన మంచిచెడ్డలను గురించి నాలుగు ముక్కలు వ్రాయాలనిపించింది. పార్కుకు వెళ్ళడం చిన్న సంగతే కావచ్చు. కాని మా ఇంట్లో ఒక పెద్ద సంగతి దానితో ముడిపడింది.

మా తరానికి వినోదమంటే తిరునాళ్ళే. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు, సంక్రాంతికి ఊరి చివర వెలిసే రంగులరాట్నం, చెక్కబొమ్మలు, చెరుకుగడలు, జీళ్ళు. హైదరాబాదు వారికి 1938లో మొదలైన నుమాయిష్ ఉంది. వీటికీ పార్కులకూ ఉన్న పెద్ద భేదం ప్రవేశంలోనే కనిపిస్తుంది. ఊరి తిరునాళ్ళకు ప్రాకారం లేదు. నలుమూలలనుండీ రావచ్చు, నచ్చకపోతే పోవచ్చు, చేతిలో పదిరూపాయలున్నవాడు పదిరూపాయల సంతోషం కొనుక్కోవచ్చు. పార్కుకు ఉండేది ఒకటే వాకిలి. అక్కడ చెల్లించిన మూల్యంతో లోపలి రోజంతా కొన్నట్టే. అందువలన ఆ రోజు బాగుండాలనే ఆత్రుత కూడ టికెట్టుతోపాటే చేతికి వస్తుంది. ఇంటిల్లిపాదీ చిరాకుపడడానికి సగం కారణం ఆ ఆత్రుతే.

ఈ పార్కుల కథ కూడ ఒక తండ్రి విసుగుతోనే మొదలైందంటారు. వాల్ట్ డిస్నీ తన కూతుళ్ళను లాస్ ఏంజెలిస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకొని వెళ్ళేవాడట. పిల్లలు రంగులరాట్నం మీద తిరుగుతుంటే తాను బల్లమీద కూర్చొని, పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటొకటి ఉండాలి గదా అనుకున్నాడట. 1955 జులై 17న డిస్నీల్యాండ్ తెరిచారు. ఆ మొదటిరోజు సాక్షాత్తు రసాభాస. దొంగ ఆహ్వానపత్రాలతో జనం లెక్కకు మించి వచ్చిపడ్డారు. కొత్తగా పోసిన తారు ఎండకు మెత్తబడి ఆడవారి ఎత్తుమడమల చెప్పులు దిగబడిపోయాయి. కొళాయిపనివారి సమ్మె వలన తాగునీటి కొళాయిలు, మరుగుదొడ్లు రెండూ సిద్ధంచేసే వ్యవధి లేక, డిస్నీ మరుగుదొడ్లకే ఓటువేశాడు. నీళ్ళు లేవని జనం తిట్టుకున్నారు. అయినా పదిలక్షలమంది రావడానికి మూడునెలలైనా పట్టలేదు. మొదటిరోజు జరిగిన పొరపాట్లను వారు తప్పించుకోలేదు, దిద్దుకున్నారు.

ఫ్లారిడాలోని రెండవ పార్కు కథ నాకింకా ఇష్టం. అది పూర్తికాకముందే, 1966 డిసెంబరులో, వాల్ట్ కన్నుమూశాడు. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో అన్నగారైన రాయ్ ఆ భారం నెత్తికెత్తుకున్నాడు. 1971 అక్టోబరు 1న దాన్ని తెరిచి, తమ్ముడి పేరు పూర్తిగా వినబడాలని 'వాల్ట్ డిస్నీ వరల్డ్' అని పేరుపెట్టించి, ఆ డిసెంబరులోనే తానూ వెళ్ళిపోయాడు. అన్న పాదుకలను తమ్ముడు మోసిన కథ మనకు తెలుసు. తమ్ముడి కలను అన్న మోసిన కథ ఇది.

ఇక మా అనుభవాలు. మొదటిది 2003 నాటిది. మా పాఠశాల పదవతరగతి పిల్లలను రామోజీ ఫిల్మ్ సిటీకి విహారయాత్రకు తీసుకొని వెళ్ళాం. 1996లో మొదలైన ఆ నగరం ప్రపంచంలోకెల్ల పెద్ద చలనచిత్ర నిర్మాణకేంద్రంగా గిన్నిస్ గ్రంథానికెక్కిందని బస్సులో నేను ఉపన్యాసమిస్తుంటే పిల్లలు కిటికీల్లోనుండి బయటకు చూస్తున్నారు. లోపలికి వెళ్ళాక విదేశీ వీథిలా కట్టిన మేడల వరుస ముందు అందరూ నోళ్ళు తెరిచారు. ఒక కుర్రవాడు మాత్రం మేడ వెనక్కు వెళ్ళి తొంగిచూసి, పరుగెత్తుకొచ్చి, "మాస్టారూ, అటేపు ఏం లేదండీ! వట్టి గోడేనండీ!" అని అరిచాడు. వాడి ముఖంలో మోసపోయిన బాధ లేదు, రహస్యం పట్టేసిన గర్వం ఉంది. తరువాతి వారం రూపకాలంకారం చెబుతూ, ఉపమేయానికి ఉపమానంతో అభేదం చెప్పడమంటే ఏమిటని అడిగితే, వెనుకబెంచీనుండి అదే కుర్రవాడు లేచి, "ముందునుంచి మేడ, వెనకనుంచి గోడ అండీ" అన్నాడు. శాస్త్రం ఒప్పుకోకపోవచ్చు. నేను మాత్రం ఒప్పుకున్నాను. ఆ యాత్రలో ఏ యంత్రమెక్కామో నాకిప్పుడు గుర్తులేదు, ఆ సమాధానం మాత్రం గుర్తుంది.

రెండవది 2018 నవంబరు. నేను పదవీవిరమణ చేసిన ఏడాదే మా అబ్బాయి మమ్మల్ని అమెరికా పిలిపించుకున్నాడు. మనవడికప్పుడు ఏడేళ్ళు. వాడికి ఆటిజం. మాటలు తక్కువ, పెద్ద చప్పుళ్ళు గిట్టవు, కదలకుండా వరుసలో నిలబడడం వాడివల్ల కాదు. తినేవి నాలుగే పదార్థాలు, వాటిలో పెరుగన్నం మొదటిది. వాణ్ణి తీసుకొని ఆ జనసముద్రంలోకి వెళ్ళడమేమిటని మా ఆవిడ ముందురోజు రాత్రంతా గుబులుపడింది. "భయపడకండి అత్తయ్యగారూ, వాళ్ళ దగ్గర దీనికో పద్ధతుంది" అన్నది కోడలు.

ఉన్నది నిజమే. 2013నుండి అక్కడ ఇలాంటివారికోసం ఒక ఏర్పాటు నడుస్తున్నది. అంతకుముందున్న సౌకర్యాన్ని కొందరు డబ్బున్నవారు దుర్వినియోగం చేశారని పత్రికలు వ్రాశాక దాన్ని మార్చి ఈ పద్ధతి పెట్టారట. వైద్యుడి కాగితం చూపమనలేదు. వాడికి ఏది కష్టమో మాత్రం అడిగారు. ఇక ప్రతి ఆట దగ్గరా, వరుస ఎంతసేపుందో దాదాపు అంతసేపయ్యాక రమ్మని అప్పట్లో సమయం వేసి ఇచ్చేవారు. గమనించండి, ఇది ముందుకు దూకడం కాదు. అందరితోపాటు మేమూ గంట ఆగాం. ఆగింది మాత్రం వరుసలో కాదు, చెట్టునీడన. ఎవరి వంతూ పోలేదు, వాడి మనసూ చెదరలేదు. ఇంత సులువైన ఉపాయం ఒకరికి తోచడానికి ఎంత దయ కావాలో అని నాకనిపించింది.

అక్కడ పడవలో కూర్చొని దేశదేశాల బొమ్మల నడుమ సాగిపోయే ఆట ఒకటుంది. 1964లో న్యూయార్కు ప్రపంచప్రదర్శన కోసం చేసినదట. బొమ్మలన్నీ మొదటినుండి చివరివరకూ ఒకే పాటను పాడుతూనే ఉంటాయి. ఆ పాట ఇంటికొచ్చినా వదలదని పెద్దలు విసుక్కోవడం అక్కడ పరిపాటి. మా వాడికి అదే అమృతమైంది. తరువాత ఏమి రాబోతున్నదో తెలియడంకన్న వాడికి సుఖం లేదు. ఐదుసార్లు ఎక్కాడు. ఐదోసారి వాడు నాయనమ్మ చేయి పట్టుకొని, ఆ రాగాన్ని సన్నగా కూనిరాగం తీశాడు. మా ఆవిడ పడవ దిగేవరకు కొంగు కళ్ళకద్దుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం కోట కనబడేచోట బల్లమీద కూర్చొని, మేము తెచ్చుకున్న పులిహోర, వాడి పెరుగన్నం తీశాం. సొంతానికి తెచ్చుకున్న ఆహారాన్ని వారు అడ్డుకోరు. మద్యమూ గాజుసీసాలూ మాత్రం కూడదు. ఆ కోట 189 అడుగులే. పైఅంతస్తులను క్రమంగా చిన్నవి చేసి కట్టడంవలన ఆకాశాన్నంటినట్టుంటుంది. అతిశయోక్తిని రాతిలో చేసినవాళ్ళని నేనంటే, "రాయి కూడ కాదు నాన్నా, ఫైబర్‌గ్లాసు" అన్నాడు మావాడు.

అంతా మధురమేనని అనను. ఆ టికెట్ల ధరలను రూపాయల్లోకి మార్చుకోవద్దని మావాడు ఒట్టువేయించుకున్నాడు. నడక మైళ్ళకొద్దీ. ఇంకొక విశేషం కూడ చూశాను. మధ్యాహ్నం మూడు దాటగానే ఆ ప్రాంగణమంతటా పిల్లల ఏడుపులు మొదలౌతాయి. అన్ని రంగులవారూ, అన్ని భాషలవారూ ఆ సమయానికి ఒకే భాషలో ఏడుస్తారు. తల్లులు తండ్రులతో, తండ్రులు ఫోనులతో పోట్లాడుతుంటారు. ఎంత గొప్ప పార్కయినా ఆ గంటను ఆపలేదు. నీడ పట్టున కాసేపు కూర్చోనివ్వడమే దానికి మందు.

మూడవది మరుసటి సంవత్సరం, 2019 డిసెంబరు. మావాడు కుటుంబంతో వచ్చాడు. ఈసారి రాకకొక ఉద్దేశముంది. ఇక్కడే ఉద్యోగం చూసుకొని స్థిరపడదామని భార్యాభర్తలిద్దరూ అనుకుంటున్నారు. ఆ ముక్క మా ఇద్దరికీ ఎంత తీపో చెప్పనక్కరలేదు. ఆ సెలవుల్లో దక్షిణాదిలోని ఒక నగరంలో ఉన్న పెద్ద పార్కుకు వెళ్ళాం. పేరు వ్రాయను, నా ఉద్దేశం అది కాదు.

వాకిట్లో సంచులు తనిఖీ చేశారు. దాన్ని నేనెన్నడూ తప్పుపట్టను. 2007 ఆగస్టు 25న హైదరాబాదు లుంబినీ పార్కులో ఏమి జరిగిందో తెలిసినవారెవరూ తప్పుపట్టరు. మా సంచిలో దొరికినది మాత్రం స్టీలు గిన్నెలో పెరుగన్నం. "బయటి తిండి తేకూడదండీ, రూలు" అన్నాడు కాపలా కుర్రవాడు. "బాబు ఇదొక్కటే తింటాడు నాయనా, ఇంకేం తినడు" అన్నది మా ఆవిడ. వాడు పైఅధికారిని పిలిచాడు. ఆయన మావైపు చూడకుండా, లోపల భోజనశాలలున్నాయని చెప్పి, చెత్తబుట్టవైపు చేయి చూపాడు. పిల్లవాడి కళ్ళముందే అన్నం ఆ బుట్టలో పడింది. అన్నాన్ని పరబ్రహ్మ స్వరూపమని చిన్నప్పటినుండి విన్న ఇంట్లోనివాళ్ళం. ఖాళీ గిన్నె తిరిగి ఇస్తూ ఆ కుర్రవాడు, "ఏమనుకోకండమ్మా" అని గొణిగాడు. వాడిమీద నాకు కోపం లేదు. వాడి జీతం ఆ నియమానికి కట్టేసి ఉంది.

లోపల వరుసలు. కాగితంమీద ఏ ఏర్పాటూ లేదు. పిల్లవాడి స్థితి చెప్పి, పక్కన కూర్చోబెట్టి వంతు రాగానే తీసుకురావచ్చునా అని కోడలు అడిగితే, "త్వరగా వెళ్ళాలంటే ఎక్కువ డబ్బు టికెట్టుంది, కొనుక్కోండి" అన్నారు. మేమడిగింది త్వరగా వెళ్ళడం కాదని వారికెంత చెప్పినా ఎక్కలేదు. ఆకలికి, ఎండకు, చప్పుడుకు వాడు చెవులు మూసుకొని అరవడం మొదలుపెట్టాడు. వెనుకనుండి ఒక పెద్దమనిషి, "ఇలాంటి పిల్లల్ని ఇంట్లో పెట్టుకోవాలి గాని, ఇక్కడికెందుకు తెస్తారండీ" అన్నాడు. మా కోడలు తిరిగి ఒక్కమాట అనలేదు. ముందున్న ఒక పల్లెటూరి ముసలమ్మ మాత్రం, "ముందుకెళ్ళండమ్మా, మేమేడికి పోతాం" అని తనవాళ్ళందరినీ పక్కకు జరిపింది. అయితే అప్పటికి వాడు ఏ ఆటా ఎక్కే స్థితిలో లేడు. ఒంటిగంటకే బయటికొచ్చేశాం.

ఆ రాత్రి మేడమీద మావాడు నాతో, "నాన్నా, వీణ్ణి ఇక్కడెలా పెంచను?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. వారు తిరిగివచ్చే ఆలోచన మానుకున్నారు. దానికి ఆ ఒక్కపూటే కారణమని అనడం న్యాయం కాదు. బడి ఉంది, వైద్యం ఉంది, తరువాత వచ్చిన మహమ్మారి ఉంది. అయితే మనసు తూగిన క్షణం ఏదని అడిగితే మాత్రం, చెత్తబుట్టలో పడిన పెరుగన్నమేనని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

నియమాలన్నిటినీ నేను నిందించడం లేదు. నీళ్ళ ఆటల్లో చీరలు, పంచెలు వద్దంటే, వదులు బట్ట చిక్కుకొని ప్రాణంమీదికి వస్తుందని. ఇంత ఎత్తులేని పిల్లలు ఎక్కరాదంటే, పట్టీ వారి ఒంటిని సరిగా పట్టుకోదని. రోలర్ కోస్టర్‌లో తలకిందులయ్యే చుట్టు గుండ్రంగా కాక కన్నీటిబొట్టు ఆకారంలో ఉంటుంది. 1976లో కాలిఫోర్నియాలో అలా కట్టేదాకా, పాతకాలపు గుండ్రటి చుట్లు మెడలకు చేటు చేసేవట. భద్రత అంటే అంత సూక్ష్మమైన లెక్క. దాన్ని గాలికొదిలితే ఏమౌతుందో 2024 మే 25న రాజ్‌కోట్‌లోని ఆటలకేంద్రం కాలిపోయినప్పుడు చూశాం. పసివాళ్ళతో సహా ఇరవైమందికి పైగా ఆహుతయ్యారు. కాబట్టి ప్రాణం కాపాడే నియమానికి రెండుచేతులూ జోడిస్తాను. వ్యాపారం కాపాడే నియమానికి మాత్రం కాస్త కన్ను ఉండాలంటాను. సినిమాహాళ్ళు బయటి తిండిని నిషేధించవచ్చునని 2023 జనవరి 3న సర్వోన్నత న్యాయస్థానం చెప్పింది. ఎవరైనా జిలేబీలు తెచ్చి చేతులు కుర్చీకి తుడిస్తే ఎలాగన్న ప్రస్తావన కూడ విచారణలో వచ్చింది. అదే న్యాయస్థానం తాగునీరు ఉచితంగా ఇవ్వాలనీ, పసిబిడ్డల ఆహారాన్ని అడ్డుకోరాదనీ కూడ అన్నది. అంటే నియమానికి కన్నుండవచ్చునని న్యాయస్థానమే ఒప్పుకున్నట్టు. 2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సాంస్కృతిక జీవితంలోనూ వినోదంలోనూ అందరితో సమానంగా పాల్గొనే హక్కును ఆ చట్టమే చెబుతున్నది.

నిరీక్షణ గురించి డేవిడ్ మైస్టర్ అనే ఆచార్యుడు 1985లో ఒక వ్యాసం వ్రాశాడు. ఊరకే కూర్చున్న కాలం, ఎంతసేపో తెలియని కాలం, అన్యాయమనిపించే కాలం ఉన్నదానికన్న పొడుగుగా తోస్తాయని దాని సారం. మనకది కొత్త కాదు. తిరుమల కంపార్టుమెంటులో గంటలకొద్దీ కూర్చున్నవారిని అడగండి. గోవిందనామం వినిపిస్తుంటే, పిల్లలకు పాలు, పెద్దలకు ఉప్మానో సాంబారన్నమో అందుతుంటే, తలుపు ఎప్పుడు తీస్తారో తెలిస్తే, అదే నిరీక్షణ యాత్రలో భాగమౌతుంది. అక్కడ చంటిబిడ్డల తల్లులకూ, వృద్ధులకూ, దివ్యాంగులకూ వేరు దారి ఉంది. దేవుడి దగ్గర చేసిపెట్టిన ఏర్పాటు ఆటల దగ్గర అసాధ్యమా?

2023 సంక్రాంతికి వాళ్ళు మళ్ళీ వచ్చారు. పార్కు మాట ఎవరూ ఎత్తలేదు. మా ఊరి చివర చేత్తో తిప్పే పాతకాలపు రంగులరాట్నం ఒకటి పెట్టారు. మనవడు దూరంగా నిలబడి చాలాసేపు చూశాడు. ఎక్కుతాడో ఎక్కడోనని మేము తటపటాయిస్తుంటే, తిప్పేవాడు గ్రహించి, "ఏం పర్లేదు పంతులుగారూ, బాబు చెయ్యెత్తితే ఆపేస్తా" అన్నాడు. పక్కన మోగుతున్న మైకును కూడ తానే వెళ్ళి తగ్గించమని చెప్పివచ్చాడు. వాడు ఎక్కి, చేయి ఎత్తలేదు. ఏడుసార్లో ఎనిమిదిసార్లో తిరిగాడు. మనిషికి ఇరవై రూపాయలు తీసుకున్నాడు, ఎక్కువిస్తే పుచ్చుకోలేదు. ఆ రాట్నం వానికి చట్టం తెలియదు, ఏ శిక్షణా లేదు. ఎదుటివాడి ముఖం చూశాడు, అంతే.

పార్కుల యజమానులకు నేను కోరేవి పెద్దవేమీ కావు. పిల్లవాడికి తప్పనిసరియైన అన్నం గిన్నెను లోపలికి రానివ్వండి. వరుసలో నిలబడలేనివాడికి సమయం వేసిన చీటీ ఇవ్వండి, దానికి ఒక కలమూ గడియారమూ చాలు. ఏ ఆటా ఎక్కని ముసలివారు కూర్చోవడానికి నీడలో బల్లలు వేయండి. వాకిట్లో నిలబెట్టిన ఆ కుర్రవాడికి, కనికరం తోచినప్పుడు పాటించే అధికారం కూడ కొంచెం ఇవ్వండి.

మనవాడికిప్పుడు పద్నాలుగు నిండాయి. ఆదివారాలు ఫోనులో నాతో మూడు మాటలు, నాయనమ్మతో నాలుగు మాటలు మాట్లాడతాడు. మీ ఇళ్ళలోని పిల్లలనూ పెద్దలనూ ఇలాంటిచోట్లకు తీసుకొని వెళ్ళినప్పుడు ఎవరైనా మీ ముఖం చూసి దారిచ్చిన సందర్భాలుంటే వ్రాయండి. పొమ్మన్నవాళ్ళ సంగతి ఎలాగూ మరిచిపోం. రమ్మన్నవాళ్ళ సంగతే అక్షరాల్లో పెట్టుకోవలసింది.